రిపోర్టు అడుగున ఉన్న అంకె

జులై నెల, రొట్టెల పండగ మూడో రోజు. ఆ వారం నెల్లూరులో ఓపీ పల్చగా ఉండదు. బారాషహీద్ దర్గాకు వచ్చినవాళ్లు పనిలో పనిగా డాక్టరుకీ చూపించుకుని పోతారు. ఒకామె కూడా పొద్దున స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుని, మధ్యాహ్నం నా దగ్గరికి వచ్చింది. వయసు 38. పొదలకూరు వైపు పల్లె. రెండెకరాల నిమ్మతోట ఉంది. అది కాక వేరేవాళ్ల తోటల్లో కాయ కోతకు కూడా పోతుంది. వెంట భర్త, అత్త. కళ్లలో పసుపు గుమ్మం దగ్గరి నుంచే కనిపించింది.

మూడు వారాలుగా పచ్చకామెర్లు. మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. జ్వరం లేదు, దురద లేదు. కోతకు పోయే ఓపిక లేదు. అడిగితే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి: అయిదు నెలలుగా నెలసరి రావడం లేదు, ఏడెనిమిది నెలలుగా వేళ్ల కణుపులు, మోకాళ్లు నొప్పి. మద్యం లేదు, టీబీ మాత్రలు వాడలేదు, నొప్పి మాత్రలు కూడా రెండు మూడుసార్లే.

“ఇంకేమన్నా మందులు వాడినావా అమ్మా?” అన్నాను.

ఆమె అత్త వైపు చూసింది. అత్త చెప్పింది. “తిప్పతీగ కషాయం సార్. నేనే కాచి ఇచ్చినా. మోకాళ్ల నొప్పులకు మంచిదంట, ఒంట్లో శక్తి పెరుగుద్దంట. మాకు యాపచెట్టు మీద పాకిన తీగ ఉంది. పొద్దున్నే అర గ్లాసు, నాలుగు నెలలనించి.”

వేపచెట్టు మీద పాకిన తిప్పతీగకు విలువ ఎక్కువని మన పల్లెల్లో నమ్మకం. కరోనా కాలంలో ఈ కషాయం ఇంటింటికీ పాకింది. జబ్బు పోయినా చాలా ఇళ్లలో ఆ అలవాటు పోలేదు.

ఆ రోజు రిపోర్టులు ఇవి. కళ్లకు పసుపు పట్టించే బిలిరుబిన్ 7.2. కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఏఎస్‌టీ 880, ఏఎల్‌టీ 760. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 162. రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ 1.4. ప్లేట్‌లెట్లు 1,38,000. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ నాలుగూ నెగటివ్. సెరులోప్లాస్మిన్ మామూలుగానే ఉంది, కంట్లో రాగి వలయం లేదు, కాబట్టి ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు అయ్యే అవకాశం తక్కువ. స్కానింగులో కాలేయం కాస్త గరుకుగా, ప్లీహం కాస్త పెరిగి 13.2 సెంటీమీటర్లు. సొంత కణాల మీదికే తిరిగే యాంటీబాడీ ఏఎన్‌ఏ 1:80 పాజిటివ్.

నాకు దొంగ దొరికాడు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును ప్రచురించారు. ఆయుష్ శాఖ ఆ వాదనను అప్పట్లోనే కాదంది. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలు వచ్చాయి. వాళ్లలో చాలామందికి ఏఎన్‌ఏ లాంటి యాంటీబాడీలు పాజిటివే. బయాప్సీ చేస్తే ఆటోఇమ్యూన్ హెపటైటిస్ పోలికలే, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థే కాలేయం మీద దాడి చేసే జబ్బు. ఇవన్నీ నా బుర్రలో తాజాగా ఉన్నాయి. కాబట్టి ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చినా నేను కంగారు పడలేదు, తిప్పతీగ కేసుల్లో అది వస్తుందిలే అనుకున్నాను. ప్లీహం సైజు కూడా చూశాను. చూసి పక్కన పెట్టాను.

కషాయం ఆపించాను. నాలుగు వారాలకు బిలిరుబిన్ 2.9, ఏఎల్‌టీ 290. ఆమె మొహంలో కళ వచ్చింది. వార్డులో కుర్రడాక్టర్లకు ఈ కేసు చూపించి, మందుల చరిత్ర అడగడం ఎంత ముఖ్యమో పది నిమిషాలు చెప్పాను. ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

తొమ్మిదో వారంలో మళ్లీ వచ్చింది. బిలిరుబిన్ 5.6, ఏఎల్‌టీ 610.

నేను మొదట చేసిన పని ఆమెను అనుమానించడం. “నిజం చెప్పమ్మా, మళ్లీ తాగినావా?” అని ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను. మూడోసారికి ఆమె ఏడ్చింది. “ఒట్టు సార్, యాడ తాగుతాను? ఆ తీగనే పీకిచ్చేసినాము” అంది. అత్త ముందుకొచ్చి, “నేనే మనిషిని పెట్టి పీకిచ్చినా సార్, మొదలుతో సహా” అంది. ఆ ఇద్దరి గొంతులు విన్నాక ఇక అడగడానికి నాకు నోరు రాలేదు. పేషెంట్లు అబద్ధం చెప్పరని కాదు. కానీ నేను అనుకున్న లెక్క కుదరనప్పుడు, లెక్క తప్పేమో అనే ముందు మనిషినే తప్పు పట్టాను.

అప్పుడు భర్త ఒక ప్లాస్టిక్ కవర్ బల్ల మీద పెట్టాడు. అందులో రేషన్ కార్డు జిరాక్సులు, ఆరోగ్యశ్రీ కార్డు, నాలుగు మడతలు పెట్టిన ఒక ల్యాబ్ కాగితం. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఆ కవర్ ఆయన చేతిలోనే ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా అని నేను అడగలేదు, వాళ్లంతట వాళ్లు చెప్పలేదు.

ఆ కాగితం 16 నెలల కిందటిది, ముందటి ఏడాది మే నెల. బిలిరుబిన్ 4.8, ఏఎల్‌టీ 640. అప్పటికి తిప్పతీగ ముట్టలేదు. ఆ కామెర్లకు పసరు పోయించుకున్నారు. ఉప్పు, నూనె, చింతపండు లేకుండా మజ్జిగన్నంతో పథ్యం చేసింది. రెండు నెలలకు కళ్లు తెల్లబడ్డాయి. పసరు పోసినాయన పేరు ఊళ్లో ఇంకాస్త పెరిగింది.

ఆయనకూ నాకూ పెద్ద తేడా లేకపోయింది. ఆయన మందు ఇచ్చి తగ్గిందనుకున్నాడు, నేను మందు ఆపి తగ్గిందనుకున్నాను. జబ్బు మాత్రం తన లెక్క ప్రకారం తాను పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది.

కామెర్లకు మన ప్రాంతంలో ఇచ్చే పసర్లలో నేల ఉసిరి తరచుగా ఉంటుంది. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బీ వైరస్‌ను కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్‌తో కలిసి, నేల ఉసిరితో చాలామందిలో ఆ వైరస్ గుర్తు పోయిందని రాశారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. అయితే ఆ పని మంచి పనే. వాళ్లు ఆ మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపు పెట్టి పోల్చి చూశారు, కాబట్టే తర్వాతివాళ్లు సరిచూడగలిగారు. పసరాయనకు కంట్రోల్ గ్రూపు లేదు. ఆ తొమ్మిది వారాలు నాకూ లేదు.

ఇక ఆ పాత కాగితంలో అడుగు లైన్లు. టోటల్ ప్రోటీన్ 8.8, ఆల్బుమిన్ 3.5. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 5.3. అది గ్లోబ్యులిన్. మామూలుగా 2 నుంచి 3.5 మధ్య ఉండాలి. జులైలో నేను రాయించిన నా సొంత రిపోర్టు తీసి చూశాను. టోటల్ ప్రోటీన్ 9.1, ఆల్బుమిన్ 3.1. తేడా 6.0.

లివర్ రిపోర్టు చేతికి రాగానే మా కళ్లు బిలిరుబిన్ మీద, రెండు ఎంజైముల మీద పడతాయి. ఆల్బుమిన్ తగ్గిందా అని ఒకసారి చూస్తాం. గ్లోబ్యులిన్ లైను దాకా చాలాసార్లు పోము. కొన్ని ల్యాబులు ఆ లెక్క వేసి ఇస్తాయి, కొన్ని వదిలేస్తాయి. ఈమె రెండు రిపోర్టుల్లోనూ లేదు. మనసులో చేసుకునే తీసివేత అది, మూడో క్లాసు పిల్లలు చేస్తారు.

ఆల్బుమిన్ కాలేయం తయారు చేసేది. గ్లోబ్యులిన్‌లో పెద్ద వాటా యాంటీబాడీలది, అవి ప్లాస్మా కణాల సరుకు. కాలేయం చిక్కిపోతుంటే మొదటిది తగ్గుతుంది. ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఆగకుండా యుద్ధం చేస్తుంటే రెండోది పెరుగుతుంది. అది పెరిగినంత మాత్రాన ఆటోఇమ్యూన్ అనలేం. పాతబడిన ఇన్‌ఫెక్షన్లలో, హెచ్‌ఐవీలో, మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో, కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్ ఏ కారణంగా వచ్చినా పెరగొచ్చు. కానీ వైరస్‌లు నెగటివ్‌గా ఉన్న నడివయసు స్త్రీలో, ఎంజైములు వందల్లో ఉండి గ్లోబ్యులిన్ 6 ఉంటే, తర్వాత ఏ పరీక్ష రాయాలో ఆ అంకే చెబుతుంది.

ఈ సంగతి కనిపెట్టింది ఇవాళ కాదు. 1950లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రామ్ కొందరు యువతులను వర్ణించాడు: విడవని హెపటైటిస్, నెలసరి ఆగిపోవడం, రక్తంలో గామాగ్లోబ్యులిన్ విపరీతంగా పెరగడం. ఏఎన్‌ఏ పరీక్ష అప్పటికి లేదు, హెపటైటిస్ వైరస్‌లలో ఒక్కటీ దొరకలేదు. ఆయన దగ్గర ఉన్నది దాదాపు నా బల్ల మీదున్న కాగితమే. ఆయన చూశాడు.

ఆరేళ్ల తర్వాత, 1956లో, మెల్‌బోర్న్‌లో ఇయన్ మకాయ్ తన సహచరులతో కలిసి ఇలాంటి రోగుల రక్తంలో ఎల్ఈ కణాలు చూపించాడు. అవి లూపస్ అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు గుర్తు. దాంతో దీనికి లూపాయిడ్ హెపటైటిస్ అని పేరు పెట్టారు. ఆ పేరు తర్వాత చాలామందిని తప్పుదారి పట్టించింది, లూపస్‌కూ దీనికీ చుట్టరికం ఉందనుకుని. మకాయ్ పనిచేసిన సంస్థకు అప్పుడు డైరెక్టర్ ఫ్రాంక్ మెక్‌ఫర్లేన్ బర్నెట్. మన కణాలను మన ఒళ్లు పరాయివని ఎందుకు అనుకోదు అనే ప్రశ్న మీద చేసిన పనికే ఆయన 1960లో మెడావర్‌తో కలిసి నోబెల్ తీసుకున్నాడు. ఒకే కప్పు కింద ఒకరు సిద్ధాంతం ఆలోచిస్తుంటే, ఇంకొకరు వార్డులో ఆ సిద్ధాంతం తప్పిన మనుషులను చూస్తున్నారన్నమాట. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అనే పేరును 1965లో మకాయే ముందుకు తెచ్చాడు.

నాకు ఈ జబ్బులో ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది, ఇది కాలేయంలో రావడం. ఒంట్లో అంత సహనం ఉన్న అవయవం ఇంకోటి లేదు. దానికి చేరే రక్తంలో ముప్పాతిక వంతు పేగుల నుంచే వస్తుంది. మనం తిన్న ప్రతిదాని తునకలూ, సూక్ష్మజీవుల ముక్కలూ అందులో ఉంటాయి. వచ్చిన ప్రతిదానితో కయ్యానికి దిగితే మనిషి అన్నం తినలేడు. 1969లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాన్ బృందం ఒక పందిలోంచి ఇంకో పందిలోకి కాలేయం మార్చితే, రోగనిరోధక శక్తిని అణిచే మందులు లేకుండానే చాలా పందుల్లో అది నిలబడింది. కిడ్నీ అలా నిలబడదు. అంత ఓర్పున్న చోట, అదుపు చేసే టీ కణాల పట్టు సడలితే, దాడి చేసే టీ కణాలు కాలేయ కణాలనే పరాయివనుకుంటాయి. వాటి సాయంతో ప్లాస్మా కణాలు గుంపులు కట్టి ఐజీజీ అనే యాంటీబాడీని తోడిపోస్తాయి. రిపోర్టు అడుగున ఆ 6.0 అదే.

సెప్టెంబరులో ఐజీజీ రాయించాను. 3,480 వచ్చింది, ఆ ల్యాబులో పై హద్దు 1,600. ఏఎన్‌ఏ ఈసారి 1:320. అలాంటిదే ఇంకోటి, స్మూత్ మజిల్ యాంటీబాడీ 1:80.

బయాప్సీ దగ్గర ఇంట్లో గొడవైంది. “లివర్ ముక్క కోస్తారంట, కోస్తే నీళ్లు పట్టేస్తాయంట” అని ఎవరో చెప్పారు. నేను బాల్‌పెన్ రీఫిల్ చూపించాను. సూది దీనికంటే సన్నం, వచ్చే ముక్క ఒకటి రెండు సెంటీమీటర్ల సన్నటి పోగు, కాసేపు నొప్పి ఉంటుంది, రక్తం కారే ప్రమాదం కొద్దిగా ఉంది, అందుకే ఆ రోజంతా పడుకోబెట్టి చూస్తాం అని చెప్పాను. ప్రమాదం లేదని చెబితే నమ్మేవాళ్లు కాదేమో, కొద్దిగా ఉందన్నాకే భర్త సంతకం పెట్టాడు.

పెథాలజిస్టు ఫోన్ చేసి, “ప్లాస్మా కణాలు కుప్పలుగా ఉన్నాయి” అన్నారు. ఇంటర్‌ఫేస్ హెపటైటిస్, అంటే కాలేయంలో రక్తనాళాలు ఉండే పోర్టల్ ప్రాంతం గట్టు తెగి వాపు కాలేయ కణాల్లోకి చొచ్చుకుపోవడం. మధ్యలో చుట్టూ చేరి పువ్వులా అమరిన కణాలు, రోజెట్లు అంటాం. వీటన్నిటికంటే ముఖ్యం, ఒక పోర్టల్ ప్రాంతం నుంచి ఇంకోదానికి వంతెనలు కట్టిన మచ్చ కణజాలం. ఇషాక్ కొలతలో 6కి 4. నాలుగు నెలల కషాయంతో ఇంత మచ్చ పడదు. జబ్బు చాలా ముందే మొదలైంది.

2008లో అంతర్జాతీయ బృందం ఇచ్చిన సులువైన స్కోరు వేశాను. యాంటీబాడీలకు 2, ఐజీజీకి 2, కణజాలానికి 2, వైరస్‌లు లేనందుకు 2. మొత్తం 8. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఖాయం అంటారు.

మరి తిప్పతీగ సంగతి? ఆమె అది మొదలుపెట్టింది కీళ్ల నొప్పులకు. ఆ కీళ్ల నొప్పులు ఈ జబ్బులో భాగమే. అంటే నేను కారణం అనుకున్నది, జబ్బు మొదలయ్యాక వచ్చినది. అయినా దానికి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వను. రోగనిరోధక శక్తిని ఎగదోస్తుందనే కదా జనం దాన్ని తాగేది. ఎగదోయడం ఈ జబ్బున్నవాళ్లకు ఎంతమాత్రం పనికిరాదు. ఉన్న నిప్పును అది ఊదిందనే నా అనుమానం. నిప్పు పెట్టింది మాత్రం అది కాదు. కషాయం ఆపగానే ఎంజైములు దిగడం నన్ను మోసం చేసింది. మందు వల్ల వచ్చినదైతే దిగి, దిగినట్టే ఉండాలి. ఆ మాట తేలడానికి తొమ్మిది వారాలు కాదు, నెలలు చూడాలి. లేదా మొదటి రోజే ఐజీజీ రాయాలి.

ఈ జబ్బుకు మందు రోగనిరోధక శక్తిని అణిచే స్టెరాయిడ్. అది మొదలుపెట్టే ముందు కొన్ని పనులున్నాయి. ఛాతీ ఎక్స్‌రే తీసి టీబీ లేదని చూశాను. హెపటైటిస్ బీ పాత ఇన్‌ఫెక్షన్ గుర్తు లేదు, టీకా మొదటి డోసు వేశాం. ఎండోస్కోపీలో అన్నవాహికలో రక్తనాళాల ఉబ్బు లేదు. ఆమె తడి తోటలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషి. నేలలోంచి చర్మం గుండా ఎక్కే స్ట్రాంగిలాయిడిస్ పురుగు ఒంట్లో ఉంటే స్టెరాయిడ్‌తో అది ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. పరీక్ష కోసం ఆగకుండా ఐవర్‌మెక్టిన్ ఇచ్చేశాను. ఈ ఒక్క ముక్క పెద్ద నగరాల్లో పనిచేసేవాళ్లు మర్చిపోతారని నాకో అనుమానం.

బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇవ్వొచ్చు కదా, పక్క ప్రభావాలు తక్కువ కదా అని ఒక జూనియర్ అడిగాడు. మచ్చ ఈ స్థాయిలో ఉన్నప్పుడు అది కాలేయంలో అరగకుండా దాటిపోతుందనే భయం, సిర్రోసిస్‌లో వాడకూడదు. పాత స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్‌నే రోజుకు 40 మిల్లీగ్రాములతో అక్టోబరు మొదట్లో మొదలుపెట్టాను. ఆమె బరువు 52 కిలోలు.

భర్త అడిగాడు, “స్టెరాయిడ్ అంటే కిడ్నీలు పోతాయంట గదా సార్?” ఆయనకు 1971లో లండన్‌లో షీలా షెర్లాక్ బృందం ప్రచురించిన ట్రయల్ గురించి చెప్పాను, నా మాటల్లో. మొత్తం 49 మంది రోగులు. ప్రెడ్నిసొలోన్ వాడిన 22 మందిలో ముగ్గురు చనిపోయారు. వాడని 27 మందిలో 15 మంది. ఆయన ఆ అంకెలు రెండుసార్లు చెప్పించుకున్నాడు. నిమ్మకాయల మార్కెట్లో బస్తా లెక్కలు చూసుకునే మనిషి, అంకెలతోనే ఒప్పుకున్నాడు.

రెండు వారాలకు బిలిరుబిన్ 3.1కి దిగింది, రోగనిరోధక శక్తిని అణిచే ఇంకో మందు, అజాతియోప్రిన్, జతచేయాలి. గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేసిన పాత మందు ఇది, వాళ్లకు 1988లో నోబెల్ వచ్చింది. పాశ్చాత్య పుస్తకాలు దీనికి ముందు, ఈ మందును ఒంట్లో అరిగించే టీపీఎంటీ ఎంజైము చూడమంటాయి. మన ఆసియావాళ్లలో ఈ మందుతో తెల్లకణాలు పడిపోవడానికి ఎక్కువగా నడ్‌టీ15 జన్యువులో మార్పు కారణమని 2014లో కొరియా పరిశోధకులు చూపించారు. చెన్నైకి శాంపిల్ పంపాను. టీపీఎంటీ మామూలు, నడ్‌టీ15లో ఒక ప్రతి మారింది. అందుకే 50 బదులు 25 మిల్లీగ్రాములతో మొదలు, వారం వారం రక్తకణాల లెక్క. నాలుగో వారం తెల్లకణాలు 3,400. టెన్షన్ పడుతూనే అదే డోసులో ఉంచాను. మూడో నెలకు 4,100కి వచ్చాక 50 చేశాను. ఆ పరీక్ష చేయించకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

మధ్యలో ఇబ్బందులు మామూలివే. మూడో వారం తిన్న తర్వాత షుగర్ 268, మెట్‌ఫార్మిన్ పెట్టి నాలుగో నెలలో తీసేశాను. మొహం గుండ్రమైంది. ఊళ్లో అందరూ ఒళ్లు చేసింది, ఆరోగ్యం వచ్చింది అన్నారట. ఆమెకు మాత్రం అద్దం చూసుకోబుద్ధి కాలేదట. నెలసరి ఆరో నెలలో తిరిగి వచ్చింది. ఆ సంగతి నాతో కాదు, మా సిస్టర్‌తో చెప్పింది.

ఆరో నెలకు ఏఎల్‌టీ 31, ఐజీజీ 1,910. ఎంజైములు మామూలైనా ఐజీజీ ఇంకా పైన ఉంటే లోపల వాపు పూర్తిగా చల్లారనట్టే, అందుకని ప్రెడ్నిసొలోన్ 7.5 దగ్గర ఇంకొన్నాళ్లు ఆపాను. తొమ్మిదో నెలకు ఐజీజీ 1,480, టోటల్ ప్రోటీన్ 7.4, ఆల్బుమిన్ 4.1. తీసివేత నేను చేయలేదు, జూనియర్‌తో గట్టిగా చెప్పించాను. 3.3.

ఆ తొమ్మిదో నెల మళ్లీ రొట్టెల పండగకే పడింది. ఈసారి ఆమె రొట్టె పట్టడానికి కాదు, కోరిక తీరినందుకు వదలడానికి వచ్చింది. తడి చీరలోనే క్లినిక్‌కు వచ్చి కూర్చుంది. “ఇంక మాత్రలు ఆపేయొచ్చా సార్?” అంది. కనీసం మూడేళ్ల వైద్యం, అందులో ఎంజైములూ ఐజీజీ రెండూ మామూలుగా ఉండి రెండేళ్లు గడవాలి, ఆ తర్వాత కూడా ఆపితే చాలామందిలో తిరిగి వస్తుంది అని చెప్పాను. ఆమెకు ఆ మాట నచ్చలేదు. నచ్చకపోయినా తల ఊపింది. తనను అనవసరంగా అనుమానించానని ఆ రోజు ఒప్పుకున్నాను. “పోనీలెండి సార్” అంది, నా వైపు చూడకుండా.

లేచి వెళ్తూ అత్త గుమ్మం దగ్గర ఆగింది. “సార్, ఆ తిప్పతీగ మళ్లీ చిగురేసింది. యాపచెట్టు మీదికి పాకతా ఉంది. పీకిచ్చేయమంటారా?”

“చెట్టు మీద ఉంటే ఉండనీమ్మా, గ్లాసులోకి రానీయొద్దు” అన్నాను. ప్రెడ్నిసొలోన్ 5, అజాతియోప్రిన్ 50, కాల్షియం. వచ్చే ఐజీజీ అక్టోబరులో.